జ్వాద్ పలికేదాకా: తజ్వీద్ నేర్చుకున్న నా అనుభవం

నిన్న ఇషా నమాజ్ తర్వాత ఫోన్‌లో నా తజ్వీద్, అంటే ఖురాన్ అక్షరాలను సరిగ్గా పలికే విద్య, దాని ఇమ్తిహాన్ (పరీక్ష) అయిపోయింది. అవతల ఉన్న ఖారీ సాబ్ (ఖురాన్ పఠనం నేర్పే పెద్దాయన) ఖురాన్ మొదటి అధ్యాయమైన సూరా ఫాతిహా చదివించారు, చివరి భాగమైన అమ్మ పారాలోంచి రెండు చిన్న సూరాలు అడిగారు, కొన్ని అక్షరాలు ఎక్కడి నుంచి పుడతాయో చెప్పమన్నారు. చివరికి "మాషా అల్లాహ్, సాఫ్ హై" అన్నారు. సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. పడ్డ టెన్షన్ మరిచిపోకముందే రాసిపెడుతున్నాను. మన వరంగల్ వైపు నాలాగా తెలుగు మీడియంలో చదువుకున్న ముస్లింలు బోలెడంతమంది ఉన్నారు, వాళ్ళకు పనికొస్తుంది.

మాది పరకాల వైపు పల్లె. ఇంట్లో సగం తెలుగు, సగం ఉర్దూ. చదువంతా తెలుగే. ఇప్పుడు హనుమకొండలో ఉంటూ బడిలో తెలుగు చెప్తాను. చిన్నప్పుడు నమాజ్ సూరాలన్నీ తెలుగు లిపిలో అచ్చేసిన చిన్న పుస్తకం చూసే నేర్చుకున్నాం. ఆ పుస్తకాలంటే నాకు ఇప్పటికీ కోపమే. సే, సీన్, స్వాద్ అనే మూడు అరబీ అక్షరాలకూ ఒకటే 'స'. జాల్, జే, జ్వాద్, జోయ్ నాలుగింటికీ ఒకటే 'జ'. బడీ హేకు, ఛోటీ హేకు ఒకటే 'హ'. ఇవి వేరువేరు అక్షరాలని చదివేవాళ్ళకు తెలిసే దారే లేదు. ముందు ఒక్క పేజీ ఉచ్చారణ గురించి రాస్తే అచ్చేసినవాళ్ళ సొమ్మేం పోయేది? అరబీ లిపి అంత కష్టమేమీ కాదు. 28 అక్షరాలు, వాటికి అ, ఇ, ఉ గుర్తులైన జబర్, జేర్, పేష్, అచ్చు లేకుండా ఆపే జజం, ఒత్తి పలికించే తష్దీద్. గుణింతాలూ ఒత్తులూ దిద్దిన చేతికి అదెంత! ఖాయిదా (అరబీ అక్షరాల వాచకం) పట్టుకుని కూర్చుంటే వచ్చేస్తుంది, నాకు వచ్చింది.

లిపి వచ్చాక తజ్వీద్ క్లాసులో చేరాను. అది ఎక్కడో చెప్పను. అక్కడ దాదాపు అందరూ ఉర్దూ ఇళ్ళ నుంచి వచ్చిన కాలేజీ ఆడపిల్లలు. పెద్దదాన్ని నేనే. ఫాతిహా చివరి మాటలో జ్వాద్ ఉంది. అక్కడ నేను 'వలద్దాల్లీన్' అనగానే చెప్పే ఆమె చెయ్యెత్తి ఆపింది. "ఫిర్ సే." మళ్ళీ చదివాను. "నహీఁ, ఫిర్ సే." మళ్ళీ. నాలుక ఎక్కడ పెట్టాలి, ఏది తగలాలి, ఏది తగలకూడదు, ఒక్క ముక్క చెప్పదు. ఊరికే తల అడ్డంగా ఊపుతుంది. పిల్లలు పుస్తకాలు మూసి నావైపే చూస్తున్నారు. ఆఖరికి అందరి ముందూ అనేసింది, "తెలుగు వాళ్ళ జబాన్‌కు ఇది రాదులే" అని. నా పక్కన కూర్చున్న అమ్మాయి 'వలజ్జాల్లీన్' అని స్పష్టంగా జేతో చదివితే ఆమెకు మాత్రం షాబాష్!

ముఖం మాడిపోయింది. పిల్లలకు అక్షరాలు నేర్పడమే నా బతుకుతెరువు. రాని పిల్లవాణ్ణి పట్టుకుని 'నీకు రాదు' అని నేనెప్పుడూ అనలేదు. అక్షరం రాని పిల్లవాడి నోట్లోకి తొంగి చూసి, నాలుక ఇక్కడ ఆనించు అని చెప్పాలి. అది చెయ్యని మనిషి టీచరు ఎట్లవుతుంది?

పైగా న్యాయం కూడా లేదు. జే అనే అక్షరం ఫాతిహాలో ఎక్కడా లేదు. జోయ్ కూడా లేదు. కావాలంటే సూరా తెరిచి వెతుక్కోండి. నాది తప్పయితే ఆ అమ్మాయిదీ తప్పే. ఉర్దూ నాలుక ఆ నాలుగు అక్షరాలనూ ఒకే జేలో కలిపేస్తుంది. మన దక్కనీ అయితే ఖాఫ్‌ను కూడా ఖేలో కలిపేసి సమాధినీ, వార్తనూ రెండింటినీ 'ఖబర్' అంటుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడినంత మాత్రాన నోరు అరబీ నోరైపోదు. ఈ మాట ఆ రోజు అక్కడే అనాల్సింది. ఇక్కడ అంటున్నాను.

మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. కొన్నాళ్ళు ఫోన్‌లో యాప్ పెట్టుకున్నాను. పదం వదిలేస్తే పట్టుకుంది గానీ, జ్వాద్‌ను దాల్ (మామూలు 'ద') చేసినా పచ్చ గుర్తే చూపించింది. డబ్బులు కట్టకండి.

తర్వాత మా చుట్టాలావిడ కాజీపేటలో ఖురాన్ చెప్పే ఒక పెద్ద ఆపా (అక్క) దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె నాతో తెలుగులోనే మాట్లాడారు. మొదటి రోజు పుస్తకం తెరవనే లేదు. కాగితం మీద నోరు, గొంతు, నాలుక బొమ్మ గీశారు. అక్షరాలు పుట్టే చోట్లను మఖారిజ్ అంటారు. తజ్వీద్ పండితుడు ఇబ్నుల్ జజరీ లెక్క ప్రకారం అవి 17, ఐదు భాగాల్లో ఉంటాయి: నోటి లోపలి ఖాళీ, గొంతు, నాలుక, పెదవులు, ముక్కు. వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని నేను బడిలో చెప్పేది ఇదే కదా! తేడా ఒకటుంది. మనం కంఠ్యమనే 'క'ను వాళ్ళు నాలుక అక్షరాల్లో లెక్కేస్తారు. వాళ్ళ గొంతు అక్షరాలు ఆరూ ఇంకా లోపలివి. అట్టడుగున హమ్జా, ఛోటీ హే. మధ్యలో ఐన్, బడీ హే. పైన గైన్, ఖే. ఆ పట్టిక నాకు ఒక్కసారికే నోటికొచ్చింది, గర్వంగానే చెప్తున్నాను.

సే, జాల్, జోయ్‌లకు అద్దం చాలు, నాలుక కొస పై పళ్ళ అంచున కనపడాలి. కాఫ్, ఖాఫ్‌లకు అరచెయ్యి నోటి ముందు పెట్టుకోవాలి. కాఫ్‌కు ఊపిరి చేతికి తగులుతుంది, ఖాఫ్‌కు తగలదు. ఐన్‌కు కొంత టైము పట్టింది, అంతే.

మిగిలిన కాలమంతా జ్వాద్ తినేసింది. అరబ్బులే తమ భాషను 'దాద్ భాష' అని పిలుచుకుంటారు, ఆ దాద్ ఇదే. దీన్ని జోయ్‌కు దగ్గరగా అనాలా, దాల్‌కు దగ్గరగా అనాలా అని మన దేశంలో పెద్దవాళ్ళ మధ్య ఎప్పటి నుంచో వాదన ఉంది. ఆపా ఆ వాదనలోకి పోలేదు. "చోటు సరి చేసుకో బిడ్డా, చప్పుడు దాని వెనకాలే వస్తది" అన్నారు. నా ఎడమ చెంప మీద, పై దవడ పళ్ళకు ఎదురుగా వేలు ఆనించి "నాలుక అంచు ఇక్కడికి రావాలె, కొసకు పని చెప్పకు" అన్నారు. నాలుక పక్క అంచు పై దవడ పళ్ళను ఒరుసుకోవాలి, నాలుక వెనక భాగం పైకి లేవాలి. కుడివైపు నుంచి కూడా అనొచ్చు, రెండు వైపుల నుంచీ అనొచ్చు. చాలామందికి ఎడమే సులువట. నాకూ అంతే.

తర్వాత అలిఫ్‌కు జబర్ పెట్టి, జ్వాద్‌ను జజంతో ఆపమన్నారు. ఏ అక్షరం చోటు కనుక్కోవాలన్నా ఇదే పద్ధతి. నేను ఆపిన ప్రతిసారీ చివర చిన్న ఎగురు వచ్చేది. "ఎగిరిందంటే అది దాల్" అనేవారు ఆపా. ఎగిరే అక్షరాలు ఐదే: ఖాఫ్, తోయ్, బే, జీమ్, దాల్. జ్వాద్ వాటిలో లేదు. అది ఆగిన చోటే నాలుకకు అతుక్కుని కాస్త సాగాలి. అప్పుడు తెలిసింది నా నోట్లో ఏం జరుగుతోందో. ఒక్క వాక్యం! మొదటి క్లాసులో ఈ ఒక్క వాక్యం చెప్పి ఉంటే నాకు అంత అవమానం ఎందుకు?

వంట చేస్తూ, బస్సులో కూర్చుని, చెంప మీద వేలు పెట్టుకుని అనుకునేదాన్ని. ఫర్జ్ రకాతులే రోజుకు 17, ప్రతి రకాతులో ఫాతిహా, ఫాతిహాలో జ్వాద్ రెండు చోట్ల. 'మగ్దూబి' ముందు దారికొచ్చింది. 'వలద్దాల్లీన్'లో తష్దీద్ మీద నిలబడి, వెంటనే ఆరు హరకత్‌ల (హ్రస్వాచ్చుల) పొడవు సాగదీయాలి కాబట్టి అది చివరికి గానీ లొంగలేదు. అది లొంగిన రోజు ఆపా నన్ను దగ్గరికి తీసుకుని, తడబడుతూ కష్టపడి చదివేవాళ్ళకు రెండింతల పుణ్యమన్న ప్రవక్త (స) మాట గుర్తుచేశారు. ఆయిషా (ర) చెప్పిన హదీసు అది, బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. పెద్దవయసు వాళ్ళను పదిమందిలో నిలబెట్టి నవ్వులపాలు చేసే టీచర్లు ఆ హదీసు ఒకసారి చదువుకోవాలి.

ఎవరి దగ్గరికైనా వెళ్ళేముందు ఒక్కటే అడగండి: "నాలుక ఎక్కడ పెట్టాలో చూపిస్తారా?" అని. 'విను, అను' అని మాత్రమే అంటే ఇంకొకరిని వెతుక్కోండి. ఆపా నా దగ్గర పైసా తీసుకోలేదు. ఇప్పుడు గున్నా (ముక్కుతో పలకడం), ఇద్గామ్ (ఒక అక్షరాన్ని పక్కదానిలో కలిపేయడం) పాఠాలు మొదలయ్యాయి, వీటిలో ముక్కుతో పని ఎక్కువ. మా వాడలో ఇంకో ఇద్దరు వస్తామంటున్నారు, ఒకామెకు ఉర్దూ అసలు రాదు. ఆదివారం అసర్ తర్వాత తీసుకురమ్మన్నారు ఆపా.