రూబీ వైపు చూసిన అమ్మ

మా అమ్మకి హిందీ రాదు. అయినా మొన్న ఆదివారం నేను "తీస్రీ మంజిల్" పెట్టుకుంటే వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు చూసి, "ఆ డాన్సులు చేసే అమ్మాయికి వీడంటే ప్రాణం. వీడికేమో పట్టట్లేదు. పాపం, ఏమైపోతుందో" అంది.

నేను ఈ సినిమా నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ హంతకుడి వెంటే పడ్డాను తప్ప ఆ డాన్సర్‌గా వేసిన హెలెన్ ముఖం ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

1966లో వచ్చిన సినిమా. నాసిర్ హుస్సేన్ నిర్మాత, విజయ్ ఆనంద్ దర్శకుడు. మొదలవడమే చీకట్లో, టెన్షన్‌తో మొదలవుతుంది. ముస్సోరీలో ఒక హోటల్ మూడో అంతస్తు నుంచి రూపా అనే అమ్మాయి పడి చనిపోతుంది. ఆ హోటల్లో డ్రమ్స్ వాయించే రాకీయే దానికి కారణమని చెల్లెలు సునీత నమ్మకం. ఏడాది తర్వాత అతని అంతు చూడాలని బయల్దేరుతుంది. రైల్లో అనిల్ అనే కుర్రాడు తగులుతాడు. ఆ అనిలే రాకీ! రాకీ పేరెత్తితేనే ఆమె మండిపడుతోందని తెలిసి అసలు పేరు దాచేస్తాడు. హోటల్లో డాన్సర్ రూబీ (హెలెన్) అప్పటికే అతన్ని ప్రేమిస్తూ ఉంటుంది.

హత్య చుట్టూ తిరిగే చాలా సినిమాల్లో ప్రేమకథ రాగానే మనం లేచి మంచినీళ్ళు తాగొస్తాం. ఇందులో లేవలేం. సునీత నవ్విన ప్రతిసారీ, ఈ నవ్వు ఇంకెంతసేపు అనిపిస్తుంది. "ఓ మేరే సోనా రే" ఎంత హాయైన పాట! అది వింటున్నప్పుడు కూడా ఆ దాచిన పేరు గుర్తొచ్చి గుండెలో గుబులే. రూబీ అసూయని విజయ్ ఆనంద్ ఎంత తెలివిగా వాడుకున్నాడంటే, మన అనుమానం ఆమె చుట్టూనే తిరుగుతుంది. అసలు చూడాల్సిన మనిషి పక్కన మర్యాదగా నిలబడి ఉంటాడు.

"ఓ హసీనా" పాటలో పెద్ద కన్ను ఆకారంలో సెట్ వేశారు. అందులోంచి హెలెన్ బయటికొస్తుంది. రాకీగా వేసిన షమ్మీ కపూర్ డ్రమ్స్ దగ్గర ఊగిపోతుంటాడు. స్టేజి మీద ఉన్నంతసేపూ రాకీ ఆమెవాడే. పాట అయిపోతే కాదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. నాకు సినిమా మొత్తంలో ఎక్కువ బాధ కలిగించేది అదే.

ఆర్.డి. బర్మన్ సంగీతం గురించి కొత్తగా చెప్పేదేముంది? మొదట షమ్మీ కపూర్‌కి సంగీత దర్శకులుగా శంకర్-జైకిషన్ జంట కావాలట. బర్మన్ బాణీలు వినిపించాక మనసు మార్చుకున్నాడు. అప్పటికి బర్మన్‌కి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. సినిమా తయారవుతుండగానే, 1965లో షమ్మీ భార్య గీతా బాలీ చనిపోయింది. షూటింగ్ ఆగిపోయింది. తర్వాత తిరిగొచ్చి పూర్తి చేశాడు. ఇది తెలిశాక "తుమ్‌నే ముఝే దేఖా" పాటలో అతని కళ్ళు చూస్తే నాకు గొంతు పట్టేస్తుంది.

హంతకుడెవరో చెప్పను. సినిమా సగంలో ఉండగానే అమ్మ ఒకరి వైపు వేలు చూపించి "వీడే" అంది. అది సరైనదో కాదో కూడా చెప్పను.

అయిపోయాక ఆమె లేవలేదు. "ఆ అమ్మాయి కంట్లోంచి వస్తుందే, ఆ పాట ఇంకోసారి పెట్టు" అంది.