ఇజ్రాయెల్ అరబ్బుల ఓటు

ఇజ్రాయెల్ జనాభాలో ఐదో వంతు అరబ్ పౌరులే. 1949 తొలి ఎన్నికల నుంచీ వాళ్లకు ఓటుంది, కానీ 1966 దాకా వాళ్లలో ఎక్కువ మంది సైనిక పాలన కిందే బతికారు, పక్క ఊరికి వెళ్లాలన్నా పర్మిట్ కావాల్సిందే. అలాంటి ఓటుకు విలువెంత?

2014లో పార్లమెంటులో (క్నెసెట్) సీటు రావాలంటే కనీసం 3.25 శాతం ఓట్లు ఉండాలన్నారు. చిన్న అరబ్ పార్టీలకు అది పెద్ద దెబ్బే, కానీ కమ్యూనిస్టులు, ఇస్లామిస్టులు, జాతీయవాదులు కలిసి ఉమ్మడి జాబితాగా 2015లో 13 సీట్లు, 2020లో 15 సీట్లు గెలిచారు! ఆ ఐక్యత నిలవకపోవడం నాకు నిజంగా బాధ.

2021లో ఇస్లామిస్టు నేత మన్సూర్ అబ్బాస్ పార్టీ రామ్ విడిగా పోటీ చేసి, నాలుగు సీట్లతోనే అధికార కూటమిలో చేరింది. స్వతంత్ర అరబ్ పార్టీ అలా చేరడం అదే మొదటిసారి. ద్రోహమన్నారు కొందరు, కానీ అరబ్ ఊళ్లలో నేరాలు, ఇళ్ల అనుమతుల లాంటి సమస్యలున్నప్పుడు బడ్జెట్ కోసం బేరమాడటం తప్పెలా అవుతుంది? యూదుల జాతీయ రాజ్యమని 2018లో రాసుకున్న చట్టం మాత్రం ఆ ప్రభుత్వంలోనూ చెక్కుచెదరలేదు. 2022లో అరబ్ పార్టీలు మూడుగా చీలి నిలబడితే, జాతీయవాదుల పార్టీ బలద్ ఆ 3.25 శాతం దాటలేక ఒక్క సీటూ లేకుండా మిగిలింది.