పాత చిత్రికల మీది పేర్లు వెతుక్కుంటూ షెఫీల్డ్ దాకా

ఇంగ్లండ్‌లో పాత వడ్రంగి పనిముట్ల చరిత్ర తవ్వాలనుకుంటే ఎప్పటికైనా షెఫీల్డ్ వెళ్ళక తప్పదు. నేను కెల్హమ్ ఐలాండ్ మ్యూజియంతో మొదలుపెట్టాను. జనమంతా 1905 నాటి 12,000 హార్స్‌పవర్ ఆవిరి ఇంజన్ దగ్గరే మూగుతారు, చూడదగ్గదే, కానీ నాకు కావాల్సింది హాలీ గ్యాలరీ. కెన్ హాలీ స్వయానా పనిముట్ల కొట్టు నడిపినవాడు. ఊళ్ళో కార్ఖానాలు మూతపడుతుంటే ఉలులు, రంపాలే కాదు, సగం తయారై ఆగిపోయిన సరుకు, కేటలాగులు కూడా పోగేశాడు. నన్నడిగితే ఆ సగం సరుకే అసలు నిధి, పూర్తయిన ఉలిని ఎక్కడైనా చూడొచ్చు.

చిక్కంతా పేర్లతోనే. చెక్క చిత్రిక (కలపను నున్నగా చెక్కే పనిముట్టు) ముందువైపున్న ముద్ర దాన్ని చేసినవాడిది కావచ్చు, తన పేరు వేయించుకుని అమ్మిన ఇనుప సామాన్ల వ్యాపారిదీ కావచ్చు. లోపలి బ్లేడు మీద షెఫీల్డ్ కంపెనీ పేరు ఇంకొకటి. ఇవి చాలవన్నట్టు, వాడుకున్న వడ్రంగులు కూడా ఎవరి పేరు వాళ్ళు కొట్టుకునేవారు, అది చేతులు మారితే పక్కనే మరో పేరు! చేసినవాడి పేరు ఏదో తేల్చుకోవాలంటే 19వ శతాబ్దపు వ్యాపార డైరెక్టరీలే గతి. పేరూ వృత్తీ చిరునామా ఏయే సంవత్సరాల్లో కలిసి కనిపిస్తున్నాయో చూసుకుంటూ పోవాలి, కళ్ళు లాగేస్తాయి. అదీ అందరికీ పనిచేయదు. ఇక్కడ 'లిటిల్ మెస్టర్లు' అని, చిన్న గది అద్దెకు తీసుకుని పెద్ద కంపెనీలకు పనిచేసిపెట్టిన పనివాళ్ళు ఉండేవారు. వాళ్ళ చేతిలో తయారైన సరుకు మీద కంపెనీ పేరే పడేది.

తర్వాత షెఫీల్డ్‌లోనే ఉన్న ఆబీడేల్ అనే పాత ఉక్కు పనిముట్ల కార్ఖానాకు వెళ్ళాను, ఇప్పుడది మ్యూజియం. 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు మట్టి మూసల్లో ఉక్కు కరిగించే పద్ధతి కనిపెట్టాడు, ఆ తరహా కొలిమి అక్కడ ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. పాత ఉలుల మీద 'కాస్ట్ స్టీల్' అని ఉండేది ఈ ఉక్కు గురించే, పోత ఇనుము అనుకుని పక్కన పెట్టేయకండి. 'ఇంగ్లండ్' అన్న ముద్ర కూడా పనికొచ్చే ఆనవాలే. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1891 నుంచి పట్టుబట్టింది కాబట్టి, అది ఉంటే ఆ తర్వాతి సరుకని చాలామంది లెక్క. నేనైతే దాన్నొక్కదాన్నే పట్టుకుని తేదీ వేయను, డైరెక్టరీలో చిరునామా కూడా కలిస్తేనే నమ్ముతాను.