ఈస్ట్ కిణ్వనం (పులియడం)పై ఉష్ణోగ్రత ప్రభావం: ప్రాక్టికల్‌కీ వైవాకీ ఎలా ప్రిపేర్ కావాలి

డిగ్రీ మైక్రోబయాలజీ ప్రాక్టికల్ ఉన్నవాళ్లకైనా, నీట్, ఎప్‌సెట్‌లకు చదివేవాళ్లకైనా ఈ టాపిక్‌లో మార్కులు ఎక్కువగా పోయేది ఒక్కచోటే. "ఈస్ట్‌కు అనుకూల ఉష్ణోగ్రత ఎంత?" అనగానే ఒక అంకె చెప్పి ఊరుకుంటారు. ఆ అంకె దేనికో ముందు తేల్చుకోండి. సాక్రోమైసిస్ సెరివిసియే కణాలు బాగా పెరిగేది 30 డిగ్రీల దగ్గర. కార్బన్ డయాక్సైడ్ వేగంగా వచ్చేది 35–40 మధ్య. బీరు తయారీలో ఏల్ అనే రకాన్ని సుమారు 18–22 డిగ్రీల్లో పులియబెడతారు, ఎందుకంటే వేడి ఎక్కువైతే ఘాటు వాసనలిచ్చే ఆల్కహాళ్లు పెరిగి రుచి చెడుతుంది. లాగర్ అనే మరో రకం ఇంకా చల్లగా, 8–13 డిగ్రీల్లో. దాని ఈస్ట్ జాతే వేరు, సాక్రోమైసిస్ పాస్టోరియానస్.

ఇక ప్రయోగం. 10 గ్రాముల గ్లూకోజ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి 100 మి.లీ. చేయండి. 5 గ్రాముల డ్రై ఈస్ట్‌ను 35–40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు 50 మి.లీ.లో కలిపి పది నిమిషాలు ఉంచండి. చల్లటి నీళ్లలో కలిపితే ఎండిన కణాల పొర సరిగ్గా కోలుకోక లోపలి పదార్థాలు బయటికి కారిపోతాయి, ఈస్ట్ మొదట్లోనే బలహీనపడుతుంది. 10, 20, 30, 40, 50, 60 డిగ్రీల వాటర్ బాత్‌లు సిద్ధం చేసి, ఒక్కోదానికి 10 మి.లీ. గ్లూకోజ్, 5 మి.లీ. ఈస్ట్ వేర్వేరు ట్యూబుల్లో పది నిమిషాలు పెట్టి, ఆ తర్వాతే కలపండి. ఈస్ట్‌ను ప్రతిసారీ బాగా కదిపి తీయాలి, లేకపోతే అడుగుకు దిగిన కణాలన్నీ చివరి ట్యూబులోకే పోతాయి. మరిగించి చల్లార్చిన ఈస్ట్‌తో ఒక కంట్రోల్ (పోల్చి చూసుకోవడానికి పెట్టే ట్యూబు) తప్పనిసరి.

డెలివరీ ట్యూబ్ ద్వారా వచ్చే వాయువును, నీళ్లు నింపి తొట్టెలో తలకిందులుగా పెట్టిన కొలజాడీలో పట్టి, 5 నిమిషాలకోసారి అరగంట పాటు రీడింగ్ తీయండి. మొదటి 5 నిమిషాల రీడింగ్ లెక్కలోకి తీసుకోవద్దు. బిరడా కింద ఉన్న గాలి వేడికి వ్యాకోచించి బుడగలుగా వస్తుంది. 60 డిగ్రీల ట్యూబులో "కిణ్వనం బాగా జరిగింది" అని రాసేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

చల్లటి ట్యూబుల్లో ఇంకో చిక్కుంది, దీని గురించి చాలా రికార్డుల్లో ఒక్క ముక్క కూడా కనపడదు. కార్బన్ డయాక్సైడ్ చల్లటి నీళ్లలో ఎక్కువ కరుగుతుంది: ఒక మి.లీ. నీటిలో 20 డిగ్రీల దగ్గర దాదాపు 0.88 మి.లీ., 40 దగ్గర 0.53 మి.లీ. అంటే మన 15 మి.లీ. ద్రవం 20 డిగ్రీల దగ్గర 13 మి.లీ. దాకా వాయువును తనలోనే దాచుకోగలదు. వాయువు పట్టే తొట్టెలో మామూలు నీళ్లకు బదులు చిక్కటి ఉప్పునీళ్లు వాడితే అక్కడి నష్టమైనా తగ్గుతుంది. ఈ కారణం రాసిన అభ్యర్థికి ప్రయోగం అర్థమైందని ఎగ్జామినర్‌కు తెలిసిపోతుంది.

గ్రాఫ్‌ను గంట ఆకారంలో గీయకండి. ఎడమవైపు నెమ్మదిగా ఎక్కుతుంది, శిఖరం దాటాక నిట్టనిలువుగా పడిపోతుంది. ఎక్కే భాగంలో పది డిగ్రీలకు వేగం సుమారు రెట్టింపు: 20 దగ్గర 5 నిమిషాలకు 2 మి.లీ., 30 దగ్గర 4 మి.లీ. వస్తే క్యూ10 (పది డిగ్రీలు పెరిగితే వేగం ఎన్ని రెట్లయిందో చెప్పే అంకె) విలువ 2. పడిపోయే భాగానికి ఈ లెక్క వర్తించదు, అక్కడ జరుగుతున్నది ఎంజైముల నిర్మాణం చెదిరిపోవడం. ఎంజైముల పేర్లు అడుగుతారు: పైరువేట్ డీకార్బాక్సిలేజ్, ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్. ఒక గ్లూకోజ్ అణువుకు రెండు ఇథనాల్, రెండు కార్బన్ డయాక్సైడ్, నికరంగా 2 ఏటీపీ (కణం శక్తిగా వాడుకునే అణువు). కణాలు లేకుండానే కిణ్వనం జరుగుతుందని జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బుక్నర్ చూపింది 1897లో, నోబెల్ వచ్చింది 1907లో.

ఈస్ట్ కిణ్వనానికి ఉదాహరణ అడిగితే ఇడ్లీ పిండి చెప్పకండి. దాన్ని పులియబెట్టేది ప్రధానంగా బ్యాక్టీరియా, ముఖ్యంగా ల్యూకోనాస్టాక్ మెసెంటెరాయిడిస్. బ్రెడ్ పిండి చెప్పండి.

వైవాలో తరచూ వచ్చే ప్రశ్న ఒకటి: 10 డిగ్రీల ట్యూబునూ 60 డిగ్రీల ట్యూబునూ తీసి 35లో పెడితే ఏమవుతుంది? మొదటిదాంట్లో కాసేపటికి బుడగలు మొదలవుతాయి, చలికి ఎంజైములు మందగించాయే కానీ చెడలేదు. రెండోదాంట్లో రావు.