దోమ పాట, జాతర మైకు

ఆదివారం. పొద్దున టిఫిను కాగానే మొదలుపెట్టిన పని మధ్యాహ్నం రెండింటికి గానీ తెగలేదు. పనంటే పెద్దదేం కాదు, మొన్న కొన్న రికార్డు ప్లేయరును నాయన పాత ఆంప్లిఫయరుకు కలపడం.

కొర్లగుంట ఇల్లు ఖాళీ చేసినప్పుడు అటక మీంచి దించిన రికార్డులు ముప్పై దాకా ఉన్నాయి. ఎక్కువ భాగం ఎమ్మెస్ సుబ్బులక్ష్మివే. చెదలు పట్టలేదు, అదే పుణ్యం.

వైర్లు ఆంప్లిఫయరు వెనక ఆక్స్ అనే మామూలు సాకెట్లలో గుచ్చి ముల్లు దించాను. వాల్యూము చివరిదాకా తిప్పినా సన్నగా, పీలగా వస్తోంది.

"ఏందిరా, ఎమ్మెస్ పాడతా ఉందా, దోమ పాడతా ఉందా?" అన్నాడు నాయన.

నాకు పౌరుషం వచ్చింది. ఆంప్లిఫయరు వెనక ఫోనో అని రాసున్న, రికార్డు ప్లేయర్ల కోసమే పెట్టిన సాకెట్లలోకి వైర్లు మార్చాను. పనిలో పనిగా ప్లేయరు వెనక కనబడిన బుల్లి స్విచ్చును ఫోనో నుంచి లైన్‌కు జరిపాను. గంగజాతరలో మైకుసెట్టు పగిలినట్టు ఒకటే మోత! మా ఆవిడ గరిటెతో సహా హాల్లోకొచ్చింది.

తర్వాత మాన్యువల్ తీశాను, ముందే తీయాల్సింది. ముల్లు దగ్గర పుట్టేది మూడు నాలుగు మిల్లీవోల్టులే. ఆక్స్‌కు వందల్లో కావాలి. పైగా గాడి మరీ వెడల్పు కాకుండా రికార్డు కోసేటప్పుడే బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. 1954లో వచ్చిన ఆర్ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) లెక్క అది. వినేటప్పుడు దాన్ని తిరగేసి, శబ్దం పెంచేదే ప్రీఆంప్. కొత్త ప్లేయరులో ఒకటుంది (స్విచ్చు లైన్‌లో ఉంటేనే పనిచేస్తుంది), నాయన ఆంప్లిఫయరు ఫోనోలో ఇంకోటుంది. మొదట రెండిట్లో ఏదీ పనిచేయలేదు, తర్వాత రెండూ చేశాయి. ఒకే పులుసులో అత్తా కోడలూ ఉప్పేసినట్టు. (ఈ పేజీ మా ఆవిడ కంట పడకూడదు.)

స్విచ్చు లైన్‌లోనే ఉంచి వైర్లు మళ్లీ ఆక్స్‌లో పెడితే పాట నిండుగా వచ్చింది.

అక్కడితో ఆగొచ్చు కదా! ప్లేయరుకు యూఎస్‌బీ కూడా ఉందని టీవీ కింది సౌండ్‌బారుకు కలిపాను. ఉలుకూ పలుకూ లేదు. సౌండ్‌బారు పెన్‌డ్రైవ్ కోసం చూస్తుంది, ప్లేయరు కంప్యూటరు కోసం చూస్తుంది. ఇక వాటికి మాటలెక్కడ కలుస్తాయి? లాప్‌టాప్‌కు పెట్టి ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరు తెరిస్తే వెంటనే గీతలు కదిలాయి. సీడీ లెక్కన 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ పెట్టి రికార్డు నొక్కాను.

"మాట్లాడబాకండి, రికార్డు అవుతా ఉంది" అని నాయన లేచి ఫ్యాను కూడా ఆపేశాడు. టేపురికార్డరు రోజుల అలవాటు. ముల్లు నుంచి వచ్చేదే తప్ప మన మాటలు ఇందులో పడవని చెప్పబోయి ఊరుకున్నాను. ఒక వైపు అయ్యేదాకా ఇరవై నిమిషాలు ఇంటిల్లిపాదీ చెమటలు కక్కుతూ కూర్చున్నాం. మధ్యలో కుక్కరు విజిలేస్తే నాయన వంటింటి వైపు చూసిన చూపు!