తిరుపతిలో, కొండెక్కకుండా

తిరుపతి స్టేషన్ బయట ఆటోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "కొండకా సామీ?" కాదంటే "తిరుచానూరా? కాళహస్తా?" అదీ కాదంటే ఇక మన మొహం చూడరు. మా పిన్ని "ఊళ్లోకి నాయనా, నడిచే పోతాం" అనేసరికి ఆ అబ్బాయికి నవ్వొచ్చింది. "ఊళ్లో ఏముందమ్మా?" అన్నాడు. మాటతీరు చూస్తే ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడిలా ఉన్నాడు.

పిన్ని తెనాలిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. ఆటో ఎక్కడమంటే ఆవిడకి డబ్బు దండగ కంటే పరువు తక్కువ. మా దర్శనం టోకెన్లు మర్నాటి మధ్యాహ్నానికి పడ్డాయి. బాబాయి, మా ఆయన రూములో ఏసీ వేసుకుని పడుకున్నారు. మేమిద్దరం చేతిసంచీ, నీళ్ల సీసా పట్టుకుని బయటపడ్డాం. ఫిబ్రవరి కాబట్టి ఎండ ఇంకా మనుషుల మీద పగబట్టలేదు.

తిరుపతికి చిన్నప్పటి నుంచీ వెళ్తూనే ఉన్నాను. తెనాలిలో రాత్రి రైలెక్కడం, తెల్లారి దిగడం, కొండ బస్సెక్కడం, గుండు, దర్శనం, లడ్డు, మళ్లీ రైలు. ఇన్నేళ్లలో కింద ఊళ్లో చూసింది బస్టాండూ, స్టేషనూ, వాటి మధ్య హోటళ్లూ. మీలో చాలామందిదీ ఇదే కథ అనుకుంటాను. కానీ నడవడానికి ఇంత వీలైన పాత ఊరు మన ఆంధ్రలో నాకు ఇంకోటి కనబడలేదు. వీలైనదంటే ఫుట్‌పాత్‌లు బాగున్నాయని కాదు (అసలు లేవు, ఉన్నచోట బొమ్మల కొట్లున్నాయి). చూడాల్సినవన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయని.

దానికి కారణం ఆ ఊరు పుట్టిన తీరు. స్టేషన్ ముందు రోడ్డు దాటితే గోవిందరాజస్వామి కోనేరు, దాని వెనకే గుడి. 1130లో రామానుజాచార్యులు ఈ స్వామిని ఇక్కడ ప్రతిష్ఠించి గుడి చుట్టూ అగ్రహారం ఏర్పాటు చేశారు. తిరుపతి అంటే మొదట ఇదే. ఆ రోజు ఫిబ్రవరి 24 అని లెక్కకట్టి, 2022 నుంచి ఆ తేదీన ఊరికి పుట్టినరోజు చేస్తున్నారు కూడా. గుడి చుట్టూ నాలుగు మాడ వీధులు, స్వామి వాహనం మీద ఊరేగే వీధులు. బయట రథం తిరిగే వీధి. రథం మలుపు తిరగాలి, లాగేవాళ్లకి చోటుండాలి, అరుగుల మీద నిలబడి చూసేవాళ్లకి కనబడాలి. వీధి వెడల్పు, మలుపు, పొడుగు అన్నీ ఆ కొలతతోనే వచ్చాయి. అందుకే ఎక్కడ తప్పిపోయినా నాలుగు మలుపుల్లో మళ్లీ గోపురం కనబడుతుంది. పిన్ని ఫోన్‌లో మ్యాపు తియ్యనివ్వలేదు. "తలెత్తి చూడవే, గోపురం ఉందిగా" అంది.

ఆ గోపురం దగ్గర కాసేపు ఆగాలి. తూర్పున ఉన్న ఏడంతస్తుల పెద్ద గోపురం సిద్ధవటం ఏలిన మట్ల వంశపు అనంతరాజు కట్టించింది, 17వ శతాబ్దం నాటిది. దాదాపు యాభై మీటర్ల ఎత్తు. అందరూ మెడలు విరుచుకుని పైకి చూసి, ఫొటో తీసుకుని, కింద వాకిట్లోంచి గబగబా లోపలికి పోతారు. చూడాల్సింది ఆ వాకిట్లోనే ఉంది. లోపలి గోడల మీద రామాయణం ఘట్టాలు చెక్కారు. వాటితోపాటు అనంతరాజు కూడా ఉన్నాడు, ముగ్గురు రాణులతో. రాజుగారు ఎప్పటికీ గుమ్మంలోనే నిలబడి వచ్చేపోయేవాళ్లకి దండం పెట్టుకుంటున్నట్టు నాకనిపించింది. పిన్ని చూపు మాత్రం రాణుల కొప్పుల మీదే. "ముగ్గురి కొప్పులూ చూడు, ఎంత శుభ్రంగా ముడేశారో. మా స్కూల్లో పిల్లలకి రెండు జడలు సరిగ్గా వేసుకోండే అంటే వినేవాళ్లు కాదు." మేము వెనక్కీ ముందుకీ తిరుగుతూ చూస్తుంటే జనం మమ్మల్ని తోసుకుంటూ పోయారు. క్యూలో కాని చోట ఎవరైనా ఆగితే తిరుపతిలో అనుమానంగానే చూస్తారు.

ఆ గోపురానికీ లోపలి గోపురానికీ మధ్య సన్నిధి వీధి. రెండు పక్కలా ఇత్తడి, రాగి సామాను, కొయ్య బొమ్మలు, పసుపు కుంకుమలు, తాళ్లు, దండలు. పిన్ని ఒక కొట్లో ఇత్తడి కుంచం చేతిలోకి తీసుకుంది. అక్కడినుంచి బేరం ఎంతసేపు సాగిందో నేను చెప్పను.

"యాడి నుంచొచ్చినారమ్మా?" అన్నాడు కొట్టాయన.

"తెనాలి. బరువేసి చెప్పండి, చేతికి తేలిగ్గా ఉంది."

"బరువెందుకమ్మా, లోపల సామి తలకింద ఉండేది ఇదే గదా."

ఆ ఒక్క మాటతో పిన్ని గొంతు తగ్గింది. ఈ గుళ్లో స్వామి పడుకుని ఉంటాడు. ఊళ్లో చెప్పుకునే కథేమిటంటే, గోవిందరాజస్వామి కొండమీది వెంకన్నకి అన్నగారు. కుబేరుడి అప్పు తీర్చడానికి తమ్ముడికి వచ్చిన కానుకల్ని కుంచంతో కొలిచీ కొలిచీ అలిసిపోయి, ఆ కుంచమే తలకింద పెట్టుకుని నిద్రపోయాడు. తమ్ముడు కొండమీద నిలబడి పుచ్చుకుంటుంటే అన్న కింద కూర్చుని లెక్క చూడటం! ప్రతి తెలుగింట్లో ఇలాంటి అన్నగారు ఒకరుంటారు, మా ఇంట్లో ఆ పని పిన్నిది. కుంచం కొన్నది. కొట్టాయన చెప్పిన ధరకి కాదు, తను అడిగిన ధరకీ కాదు.

లోపల జనం ఉన్నారు కానీ కొండమీద మాదిరి కాదు. స్వామి ఎదుట నిలబడి తల నుంచి పాదాల దాకా చూడగలిగాం, ఎవరూ జరగండి జరగండి అనలేదు. ప్రాకారంలోనే పార్థసారథి గుడి ఉంది, గోవిందరాజస్వామి ఇక్కడికి రాకముందు నుంచే ఉన్నది ఆయనే అంటారు. ఆండాళ్ సన్నిధి కూడా ఉంది. గోవిందరాజస్వామిది చిదంబరం నుంచి వచ్చిన కథ. అక్కడ విష్ణు సన్నిధికి ఆపద వస్తే ఉత్సవమూర్తిని ఇక్కడికి తరలించారని చెబుతారు. అందుకేనేమో, గుడి చుట్టూ వీధుల్లో ఇప్పటికీ అరవం సగం, తెలుగు సగం. పూలమ్మే ఆవిడ అరటినారతో మల్లెలు కడుతూ ఇద్దరు చెన్నైవాళ్లతో తమిళంలో బేరమాడి, మా వైపు తిరిగి "మూర ఎంతకిస్తారని అడగండి, ఊరికే చూస్తే ఎట్లా?" అంది. మూర అంటే ఆవిడ చెయ్యి. పిన్ని తన చెయ్యి చాచి కొలవబోతే "మీ చెయ్యి పొడుగు, నాకు గిట్టదు" అని నవ్వేసింది.

ఈ వీధులు ఎంతకాలం నడిచేవాళ్లతో నిండి ఉన్నాయో ఒకసారి ఆలోచించండి. కొండకి మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. అంతకుముందు రైలు దిగినవాళ్లు ఈ కోనేట్లో మునిగి, గోవిందరాజస్వామిని చూసి, సత్రంలో తలదాచుకుని, అలిపిరి దాకా నడిచి అక్కడినుంచి మెట్లెక్కేవాళ్లు. చేతకానివాళ్లు డోలీల్లో. మా అమ్మమ్మ వాళ్ల అత్తగారు అలాగే వెళ్లొచ్చిందట, ఇంటికి తిరిగొచ్చేదాకా ఆవిడ మీద ఎవరికీ పెద్ద ఆశ లేదట. ఆ రోజుల్లో ఊరు దాటకుండా కొండెక్కడం కుదరదు. ఇప్పుడు ఊరు మన కిందినుంచి జారిపోతుంది. 2023 సెప్టెంబరులో తెరిచిన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ దాదాపు ఏడు కిలోమీటర్లు. దాని మీద ఎక్కితే బస్సు ఊరి నెత్తిమీదుగా పోయి కపిలతీర్థం వైపు దిగుతుంది. ట్రాఫిక్‌లో చిక్కుకున్న రోజులు గుర్తున్నవాళ్లకి అది వరమే, నేను కాదనను. కానీ దాని స్తంభాల కింద రోడ్డు దాటాలంటే మాత్రం టెన్షన్. ఇటు బస్సు, అటు ఆటో, మధ్యలో బండిమీద ముగ్గురు. పిన్ని విజిల్ వేసే అలవాటు ఇంకా పోలేదు, నోట్లో వేళ్లు పెట్టి ఒకటి వేసింది. ఆగారు.

ఉత్తర మాడ వీధి దాటి గాంధీ రోడ్డులో పడితే ఊరి అసలు సందడి. బంగారం కొట్లు, బట్టల కొట్లు, పెళ్లి కార్డులవాళ్లు, మిఠాయి కొట్లలో గుట్టలుగా నిప్పట్లు. ఇక్కడ కొనేవాళ్లు యాత్రికులు కాదు, చుట్టుపక్కల పల్లెలవాళ్లు, ఊళ్లోవాళ్లు. కొబ్బరిచిప్పలూ, దేవుడి పటాలూ లేని తిరుపతి చూడాలంటే ఈ రోడ్డే. హథీరాంజీ మఠం పాత భవనం కూడా ఇటే. ఉత్తరాది నుంచి వచ్చి వెంకన్నతో పాచికలాడిన బావాజీ పేరు మీది మఠం. 1843 నుంచి 1933 దాకా, అంటే దేవస్థానం వచ్చేవరకు, కొండమీద గుడి పెత్తనం ఈ మఠం మహంతులదే. తొంభై ఏళ్లు! ఇప్పుడా పక్కనుంచి పోయేవాళ్లలో తలతిప్పి చూసేవాళ్లు నాకు కనబడలేదు.

తిండి సంగతి. పేరున్న పెద్ద హోటళ్లలో తిన్నా తప్పులేదు, కానీ పొద్దున్నే సందుల్లో తోపుడుబండి దగ్గర కారం దోసె తినండి. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, నెయ్యో నూనో ఏదో ఒకటి ధారాళంగా పోసి కాలుస్తారు. "ఉర్లగడ్డ ఎయ్యాలా అక్కా?" అని అడిగితే వెయ్యమనండి. తెనాలివాళ్లం కాబట్టి కారానికి మేం భయపడం అని పిన్ని అక్కడ ప్రకటించింది. తర్వాత సీసాలో నీళ్లన్నీ ఆవిడే తాగింది.

కోదండరామస్వామి గుడి కూడా నడక దూరమే, ప్రశాంతంగా ఉంటుంది, చూసుకుని బయటికొచ్చేశాం. నాకు మనసుపడింది తాతయ్యగుంట గంగమ్మ గుడి.

గుడి పెద్దదేం కాదు. మేము వెళ్లినప్పుడు జనం లేరు, పసుపు వాసన, వేపాకు, గుమ్మం దగ్గర పొంగలి వండుకునే ఒక కుటుంబం. గంగమ్మ వెంకన్నకి చెల్లెలు. ఒకప్పుడు కొండెక్కేవాళ్లు ముందు ఈవిడ దగ్గరికే వచ్చేవాళ్లట. మే నెలలో జాతరకి దేవస్థానం నుంచి సారె వస్తుంది. ఆ జాతర కథ పొంగలి వండుతున్న పెద్దావిడే చెప్పింది, కలియబెట్టడం ఆపకుండా. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడొకడు గంగమ్మ చెయ్యి పట్టుకుంటాడు, ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కుంటాడు. వాణ్ని వెతకడానికి ఆమె రోజుకో వేషం కడుతుంది. బైరాగి, బండ, తోటి, అలా. చివరికి దొర వేషంలో వస్తే, నిజం దొరే అనుకుని వాడు బయటికొస్తాడు. తల తెగుతుంది. జాతరలో జనం ఆ వేషాలే కడతారు. మగవాళ్లు చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, బొట్టు పెట్టుకుని వీధుల్లో తిరుగుతారు. బండ వేషం రోజున అమ్మవారినే బూతులు తిడతారు, అదే మొక్కు.

"తిడతారా?" అంది పిన్ని.

"తిట్టకుంటే ఆయమ్మకు కోపం" అంది పెద్దావిడ. "చాటింపు ఏసినాక ఊరి పొలిమేర దాటకూడదు. దాటితే రాత్రికి తిరిగొచ్చేయాల. మా పిలకాయలు బెంగుళూర్లో ఉద్యోగాలు చేస్తా ఉండారు, లీవు పెట్టి మరీ వస్తారు."

పొంగలి మాకూ ఆకులో పెట్టింది. బెల్లం తక్కువ, మిరియం ఎక్కువ.

రూముకి తిరిగొచ్చేదాకా పిన్ని ఆ తిట్ల సంగతి మీదే ఉంది. ఎవరు ఏం తిడతారు, ఆడవాళ్లు తిడతారా, బడిపిల్లల ముందు కూడానా అని. మే నెలకి రెండు టికెట్లు చూడమంది. మేలో తిరుపతి ఎండ సంగతి గుర్తు చేశాను. "నువ్వు రాకపోతే మీ బాబాయిని తీసుకుపోతా, ఆయనకి చీర బాగా నప్పుతుంది" అంది. బాబాయికి ఈ విషయం ఇంకా చెప్పలేదు.