సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య

మా నాన్నగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. లెక్కల ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి ఇరవై ఏళ్ళు కావస్తోంది. రావులపాలేనికి దగ్గరలోని మా ఊళ్ళో, తాతగారు కట్టించిన పెంకుటింట్లో అమ్మా ఆయనా ఇద్దరే ఉంటారు. నేను హైదరాబాదులోనూ తమ్ముడు పుణేలోనూ ఉద్యోగాలు చేసుకుంటున్నాము. గుండెకు స్టెంటు వేసిన నాటి నుంచి రోజూ వేసుకునే ఆస్పిరిన్, రక్తపోటు మాత్ర తప్ప ఆయనకు చెప్పుకోదగిన అనారోగ్యమేమీ లేదు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు మా పిల్లలతో పేకాటకు కూర్చుని, పడిన ముక్కలన్నీ గుర్తుపెట్టుకుని, ఎవరి చేతిలో ఏ ముక్క మిగిలిందో చెప్పి వాళ్ళను ఏడిపించిన మనిషి, శివరాత్రికి వెళ్ళేసరికి వీధి అరుగు మీద మడత విప్పని పేపరు ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తూ కనిపించారు.

ఈ మధ్యలో ఫోనులో నాకేమీ తెలియలేదు. తెలిసే అవకాశమూ లేదు. మా నాన్నగారు ఫోను ఎత్తితే, "ఆఁ, బాగానే ఉన్నానమ్మా, ఇదిగో అమ్మకిస్తున్నా" అనడమే ఆయన సంభాషణ మొత్తం. నలభై ఏళ్ళు తరగతి గదిలో గొంతు చించుకున్న మనిషికి ఫోనులో మాట పెగలకపోవడం మా ఇంట్లో పాత పరిహాసమే కాబట్టి, ఆ ఒక్క వాక్యం కాస్త నెమ్మదిగా వచ్చినా ఎవరమూ గమనించలేదు.

ఆ రోజు ఉదయం ఆయనతో కలిసి శివాలయానికి నడిచాను. కొంత దూరం వెళ్ళాక వెనక్కి చూస్తే, ఆయన ఎడమ చెప్పు రోడ్డు మధ్యలో పడి ఉంది. చెప్పు జారిపోవడంలో వింతేమీ లేదు. కానీ ఒక కాలికి చెప్పు ఉండి, రెండో కాలు కంకర మీద పడుతున్నా ఆయనకు ఆ సంగతి తెలియకపోవడం నాకు వింతగా తోచింది. చెప్పు తెచ్చి తొడిగితే, "వదులైపోయిందమ్మా, కొత్తవి కొనాలి" అన్నారు. మర్నాడు భోజనం దగ్గర ఇంకొకటి చూశాను. కంచంలో కుడివైపు ఉన్న పప్పు, మధ్యలో అన్నం అయిపోయాయి గాని, ఎడమవైపు వడ్డించిన బీరకాయ కూర ముట్టుకోకుండా అలాగే ఉంది. బీరకాయ ఆయనకు ఎంతో ఇష్టం. నేను కంచం కాస్త తిప్పి పెట్టగానే, అప్పుడే వడ్డించినట్టు ఆ కూరను చూసి, కలుపుకొని తిన్నారు.

అమ్మను అడిగితే ఒక్కొక్కటే బయటికి వచ్చింది. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారని కొన్నాళ్ళుగా తానే పెడుతోందట. కాఫీ గ్లాసు ఎడమ చేతిలోంచి జారిపోయిందని స్టీలు గ్లాసులో సగమే పోసి ఇస్తోందట. పొద్దున్నే తలనొప్పి అంటున్నారని నుదుటికి అమృతాంజనం రాస్తోందట. పగలంతా నిద్రపోతున్నారని అడిగితే, "వయసు మీద పడిందే, ఏం చేస్తాం" అంది. దగ్గరుండి చూసుకునేవారు లోపాన్ని చూడరని కాదు. ఏ రోజుకు ఆ రోజు దాన్ని తమ చేతులతో పూడ్చేస్తూ ఉంటారు కాబట్టి అది లోపంగా పైకి కనిపించదు. నెల రోజులు చూడకుండా వచ్చిన నాకు అదంతా ఒక్కసారిగా కనబడింది.

వయసు అన్న మాటను నేను ఒప్పుకోలేకపోయాను. ముసలితనం ఏళ్ళ తరబడి వస్తుంది, అదీ రెండు చేతులకూ రెండు కాళ్ళకూ సమానంగా వస్తుంది. ఐదారు వారాల్లో, శరీరంలో ఒక్క పక్కకే వచ్చినదాన్ని జబ్బు అనక తప్పదు. నర్సుగా పనిచేస్తున్న స్నేహితురాలికి ఫోను చేస్తే, ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, రెండు అరచేతులూ పైకి ఉండేలా చేతులు ముందుకు చాపించి, కళ్ళు మూసుకోమని కాసేపు చూడమంది. కుడిచేయి కదలలేదు. ఎడమచేయి మెల్లగా కిందికి దిగుతూ, అరచేయి లోపలి వైపుకు తిరిగిపోయింది. "చేతులు అలాగే ఉన్నాయా నాన్నగారూ?" అంటే, "ఉన్నాయిగా" అన్నారు, కళ్ళు తెరవకుండానే. స్నేహితురాలు ఈ రాత్రికి ఆగవద్దని చెప్పింది.

దారిలో ముందుగా చూపించిన వైద్యుడు రక్తపోటు, చక్కెర చూసి, సన్నని పక్షవాతమని తేల్చి, ఆస్పిరిన్‌కు తోడు రక్తం పలచబడే మరో మాత్ర కూడా రాశారు. రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతానికి ఆ మందు వాడతారన్నది నిజమే. అయితే తలలో రక్తస్రావమైనా పైకి కనిపించే లక్షణాలు అవే కావచ్చు, అప్పుడు అదే మందు ప్రాణం మీదికి తెస్తుంది; రెండింటిలో ఏదన్నది మనిషిని చూసి చెప్పగలిగినది కాదు, సి.టి. స్కానులోనే తేలుతుంది. స్కాను లేకుండా ఆ చీటీ రాయడం మీద నాకు ఇప్పటికీ కోపమే. స్కాను అయ్యాకే మాత్ర వేస్తామని చెప్పి, కారులో గౌతమి వంతెన దాటి రాజమహేంద్రవరం చేరాము.

స్కాను కొద్ది నిమిషాల్లోనే అయిపోయింది. న్యూరోసర్జన్ తెర మీద చూపించారు. తల కుడివైపు, పుర్రెకూ మెదడుకూ మధ్య నెలవంకలా ఒక బూడిదరంగు పొర పరుచుకుని ఉంది; దాని ఒత్తిడికి మెదడు మధ్యగీత ఎడమవైపుకు జరిగింది. మెదడు కుడిభాగం శరీరంలోని ఎడమపక్కను నడిపిస్తుంది కాబట్టి, చెప్పుకూ, కాఫీ గ్లాసుకూ, బీరకాయ కూరకూ అదొక్కటే సమాధానం. దానిని క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారనీ, అంటే మెదడు బయటి పొర కింద మెల్లగా చేరిన రక్తమనీ చెప్పి, "తలకు దెబ్బేమైనా తగిలిందా?" అని అడిగారు. నాన్నగారు లేదన్నారు. నేనూ లేదన్నాను. కాసేపటికి అమ్మ, "భోగి ముందు రోజు కొట్టుగదిలోంచి పాత తట్టలూ చేటలూ తీస్తూ, వంగకుండా బయటికి వచ్చి ద్వారబంధం కమ్మికి తల కొట్టుకున్నారు. బొప్పి కూడా కట్టలేదండీ" అంది.

బొప్పి కట్టనవసరం లేదట. వయసుతో మెదడు కొంత కుంచించుకుపోయి, దానికీ పుర్రెకూ మధ్య ఖాళీ పెరుగుతుంది. మెదడు ఉపరితలం నుంచి డ్యూరా మేటర్ అనే బయటి పొరకు వెళ్ళే సన్నని సిరలు ఆ ఖాళీలో సాగి బిగువుగా ఉంటాయి, చిన్న అదురుకే చిట్లుతాయి. ఆస్పిరిన్ వాడేవారిలో ఆ రక్తం త్వరగా ఆగదు. అలా చేరిన కొద్దిపాటి రక్తం గడ్డకట్టి, కరిగి, చుట్టూ పొర ఏర్పడి, ఆ పొరలోని పెళుసు రక్తనాళాల నుంచి మళ్ళీ మళ్ళీ కారుతూ వారాల మీద పెరుగుతుంది. అందుకే దెబ్బకూ లక్షణానికీ మధ్య మూడు వారాల నుంచి రెండు మూడు నెలల ఎడం ఉంటుంది, ఈలోగా దెబ్బ సంగతే అందరూ మరచిపోతారు. ఖాళీ ఎక్కువగా ఉండడమే మొదట్లో పెద్దవారిని కాపాడుతుందని కూడా ఆయన చెప్పారు. పడుచువారి తలలో అంత రక్తం చేరితే అన్ని రోజులు ఆగదు.

శస్త్రచికిత్స తప్పదన్నారు. ఆస్పిరిన్ ఆపారు. పింఛనుదారుల ఇ.హెచ్.ఎస్. (ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డుకు అనుమతి తెచ్చే కాగితాల పని తమ్ముడు వచ్చి చూసుకున్నాడు. ఆ తతంగం గురించి వేరే రాయవచ్చు, ఇక్కడ వద్దు. పుర్రెకు రెండు చిన్న రంధ్రాలు చేసి, నల్లబారిన ద్రవాన్ని బయటికి పంపి, లోపలి భాగాన్ని సెలైనుతో కడిగి, మిగిలినది కారిపోవడానికి ఒక సన్నని గొట్టాన్ని అక్కడే ఉంచారు. ఆ గొట్టం ఎందుకని అడిగితే సర్జన్ విసుక్కోకుండా చెప్పారు. కేంబ్రిడ్జ్ వైద్యులు 2009లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, గొట్టం ఉంచనివారిలో 24 శాతం మందికి రక్తం మళ్ళీ చేరి శస్త్రచికిత్స చేయవలసి వస్తే, ఉంచినవారిలో అది 9 శాతానికి తగ్గిందట. గొట్టం ఉన్నన్నాళ్ళూ తల ఎత్తకుండా వెల్లకిలా పడుకోబెట్టారు.

మత్తు దిగాక, అడగకుండానే, ఎడమచేత్తో ముక్కు గోక్కున్నారు. అమ్మ దాన్ని చూసి కళ్ళు తుడుచుకుంది. అయితే ఆ రాత్రి మేము ఊహించని గొడవ మొదలైంది. ఐ.సి.యు.లో ఆయన తాను బడిలో ఉన్నాననుకుని, హాజరుపట్టీ ఎవరో దాచారని నర్సులను గద్దిస్తూ, గొట్టం పీక్కోబోయారు. మతి పోయిందని మేము బెంబేలెత్తిపోయాము. శస్త్రచికిత్స తరువాత పెద్దవారిలో ఇలాంటి తాత్కాలిక కలవరం తరచుగా వస్తుందనీ, దాన్ని డెలీరియం అంటారనీ, రాత్రిపూట పెరిగి పగలు తగ్గుతుందనీ, హఠాత్తుగా వచ్చి గంటగంటకూ మారే ఈ స్థితి వేరు, మెల్లగా ముదిరే మతిమరుపు జబ్బు డిమెన్షియా వేరు అనీ డ్యూటీ డాక్టరు వివరించారు. "ఆయన కళ్ళజోడు ఎక్కడమ్మా?" అని ఒక నర్సు అడిగింది. అది నా సంచిలో ఉంది. కళ్ళజోడు పెట్టి, వినికిడి యంత్రం తగిలించి, గోడ గడియారం కనబడేలా మంచం జరిపి, పక్కన అమ్మను కూర్చోనిచ్చాక ఆయన నెమ్మదించారు. పూర్తిగా తేరుకోవడానికి మాత్రం ఇంకో రెండు మూడు రాత్రులు పట్టింది.

ఇంటికి వచ్చాక కోలుకోవడం ఒకే తీరుగా సాగలేదు. కాలు ముందు బాగుపడింది, చేయి వెనకబడింది. కంచంలో ఎడమవైపు మిగిలిపోవడం ఆసుపత్రిలోనే పోయింది. ఫిజియోథెరపిస్టు మెత్తని బంతి నొక్కమంటే, అది చిన్నపిల్లల ఆట అని ఆయన చిరాకుపడ్డారు. చిక్కుడుకాయలు ఈనెలు తీసి ఇమ్మని అమ్మ ముందు పెడితే మాత్రం మాట్లాడకుండా రెండు చేతులతోనూ చేశారు. ఆ పని ఏ బంతికీ తీసిపోదని ఫిజియోథెరపిస్టే ఒప్పుకుంది. ఉగాది నాటికి చొక్కా గుండీలు తానే పెట్టుకున్నారు, కాలర్ దగ్గరిది తప్ప. చెప్పుల బదులు మడమ వెనక పట్టీ ఉన్నవి కొన్నాము. కొట్టుగది ద్వారబంధం కమ్మికి ఎర్రని గుడ్డతో దళసరి పట్టీ చుట్టించాము.

ఈ సంగతి విని మా వీధిలోనే ఒక ఇంటివారు, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతున్న తమ అత్తగారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. లీటరు రక్తంలో 135 నుంచి 145 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండవలసిన సోడియం ఆవిడకు బాగా పడిపోయిందట. రక్తపోటు కోసం వాడే మూత్రం మాత్ర దానికి కారణం. సోడియమే కాదు, థైరాయిడ్, బి12 లోపం, మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా పెద్దవారిలో ముందు మతిమరుపుగానో మగతగానో కనిపించవచ్చని, అన్నింటికీ వైద్యం ఉందని మా సర్జన్ చెప్పిన మాటను నేను ఇప్పుడు బంధువులందరికీ, వాళ్ళు అడిగినా అడగకపోయినా, చెబుతున్నాను.

నాన్నగారితో ఫోను మాట్లాడే తీరు కూడా మార్చాను. బాగున్నారా అని అడగను. పేపరులో ఏం చదివారని అడుగుతాను; మండలాఫీసు వార్తో, క్రికెట్టో, ఏదో ఒకటి చెప్పక తప్పదు కాబట్టి అమ్మకు ఫోను ఇచ్చేలోగా నాలుగు వాక్యాలైనా వస్తాయి. తాను ఈమధ్య కొత్తగా చేసిపెట్టడం మొదలుపెట్టిన పని ఏదైనా ఉందా అని అమ్మను అడుగుతాను. మొదట్లో ఆవిడకు ఈ ప్రశ్న నచ్చలేదు, నేను తనను తనిఖీ చేస్తున్నాననుకుంది. ఇప్పుడు తానే చెబుతోంది, "కాలర్ గుండీ ఇంకా నేనే పెడుతున్నానే" అని.

వేసవి సెలవుల్లో తీయించిన స్కానులో రక్తం మళ్ళీ చేరలేదు. మూర్ఛ రాకుండా ఇచ్చిన మాత్రను మెల్లగా తగ్గించి ఆపించారు. ఆస్పిరిన్ మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా అన్నదానిపై సర్జనూ గుండె వైద్యుడూ మాట్లాడుకుని, స్టెంటు కోసం అది తప్పదని తేల్చారు. ఇకపై తలకు ఏ చిన్న దెబ్బ తగిలినా ఆ తేదీని కేలండరు మీద రాయమన్నారు. ఆ పని అమ్మకు అప్పగించాము. ఈ ఏడు భోగికి కొట్టుగది సామాను తమ్ముడు తీస్తాడు. నాన్నగారు దీనికి ఇంకా ఒప్పుకోలేదు.